ఏడు సొరుగుల ఎర్ర పెట్టె

ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, మా ఆయనకి కుడి చేయి పడిపోయిన రోజున నాకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. ఆటో పిలవాలి, భీమవరం ఆసుపత్రిలో కాగితాల మీద సంతకాలు పెట్టాలి, షాపు షట్టరు దించారో లేదో ఎవరినైనా పంపించి చూడమనాలి. పక్షవాతం సన్నగా తగిలింది, గండం గట్టెక్కినట్టే అన్నారు డాక్టరుగారు. మాట కాస్త ముద్దగా వచ్చేది, అది పది రోజుల్లో సర్దుకుంది. కాలికేం కాలేదు. చేయి మాత్రం భుజం నుంచి వేళ్ళ దాకా చచ్చుబడింది. కసరత్తు చేయిస్తే మూడు నెలల్లో చాలావరకు స్వాధీనంలోకి వస్తుందన్నారు. మందులు మానితే మళ్ళీ రావచ్చు, రెండోసారి ఏ వైపు వస్తుందో చెప్పలేం అని కూడా అన్నారు. ఆ చివరి ముక్క నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. ఆయన వదల్లేదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన పని ఇంజన్లు బాగుచెయ్యడం. నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే రోడ్డు మీద, రైసు మిల్లు పక్కన మా షాపు. చుట్టూ రొయ్యల చెరువులే. నీళ్ళు చిలికి రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు, నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్లు, ఏది మొరాయించినా రైతులు ఆయన దగ్గరికే తెచ్చేవారు. గురువుగారి చెయ్యి పడితే చాలు అనుకునేవారు. అలాంటి చెయ్యి అది.

కథల్లో రాక్షసుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు, ఆయన ప్రాణం షాపులోని ఒక ఎర్ర పెట్టెలో ఉండేది. కాకినాడలో ఏదో ఓడల కంపెనీ వాళ్ళు సామాను అమ్మేస్తుంటే కొనుక్కొచ్చిన పనిముట్ల పెట్టె. నా ఛాతీ ఎత్తు, కింద చక్రాలు, ముందు ఏడు సొరుగులు. ఒక్కో సొరుగుకి రెండు పక్కలా ఉక్కు పట్టాలు, ఆ పట్టాల మధ్య సగ్గుబియ్యం గింజలంత బాల్ బేరింగులు. అట్టడుగు సొరుగు నిండా పెద్ద స్పానర్లు, సుత్తులు ఉన్నా సరే, చిటికెన వేలితో లాగితే చప్పుడు లేకుండా జారి వచ్చేది. షాపుకి ఎవరు కొత్తగా వచ్చినా ముందు ఆ విన్యాసం చూపించాల్సిందే. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఆయన అంత ముచ్చటగా చూసి ఉండరు. ఆ మాటే అంటే నవ్వేసి, గుడ్డ తీసుకుని మళ్ళీ పెట్టె తుడుచుకునేవారు.

నన్ను దాని జోలికి రానిచ్చేవారు కాదు. ఏడాదికొక్కసారి, దసరాల్లో ఆయుధపూజ నాడు మాత్రం నాకు అప్పగించేవారు. పసుపు రాసి, ఏడు సొరుగులకీ ఏడు కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టించేదాన్ని. మర్నాడు పొద్దున్నే ఆయన అదంతా శుభ్రంగా తుడిచేసేవారు. పెట్టిన బొట్టు చెరిపేస్తారా అని నేను సణిగేదాన్ని. ఎందుకు తుడుస్తున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన మంచాన ఉన్న మూడు నెలలూ షాపు మూతపడింది. మూతపడిన చోట దీపం లేకపోతే మంచిది కాదని మా అత్తగారు అంటుండేవారు. అందుకని ప్రతి శుక్రవారం పొద్దున్నే వెళ్ళి షట్టరెత్తి, ఊడ్చి, దీపం పెట్టి వచ్చేదాన్ని. అత్తగారిదే ఇంకో మాట కూడా ఉంది: ఇనుముకి ఆముదం రాస్తే తుప్పు దరి చేరదు. ఆవిడకి తలుపు కిర్రుమన్నా ఆముదమే, పసివాడి కడుపు ఉబ్బినా ఆముదమే. మాది సముద్రపు గాలి తగిలే ఊరు, నాలుగు రోజులు వదిలేస్తే మేకు కూడా ఎర్రబడిపోతుంది. ఆయన లేచి వచ్చేసరికి పెట్టె తుప్పు పట్టి ఉంటే ఆ మొహం నేను చూడగలనా? ఆముదంలో పసుపు కలిపి, చిన్న గిన్నెలో పోసుకుని, కోడి ఈకతో రాయడం మొదలుపెట్టాను.

మొదటి శుక్రవారం సొరుగులు తెరిచాను. స్పానర్లన్నీ చిన్నదాని పక్కన పెద్దది, ఆయన పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. గుండె చెరువైపోయింది. మళ్ళీ తెరవలేదు. తర్వాత నుంచి మూసి ఉన్న సొరుగుల పక్క సందుల్లోంచే ఆ పసుపు ఆముదం ఈకతో లోపలికి తోసేదాన్ని. తోసినప్పుడల్లా, అమ్మా, ఆయన చెయ్యి ఆయనకిచ్చెయ్యి అని దణ్ణం పెట్టుకునేదాన్ని. ఏడు సొరుగులకీ ఏడుసార్లు. పదమూడు శుక్రవారాలు.

మొక్కు వృథా పోలేదు, చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది. కసరత్తు చేయించడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి పిసికించేది, గోడ మీద వేళ్ళు పాకించేది. మూడో నెల దాటేసరికి తనే ఇడ్లీ తుంచుకుని తినే దాకా వచ్చారు. బరువులు ఎత్తకుండా షాపుకి వెళ్ళొచ్చని ఆ అమ్మాయి చెప్పింది. ఒక సోమవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికొడుకులా తయారయ్యారు. షట్టరు నేనెత్తాను. బిందె పట్టుకుని మిల్లు దగ్గర పంపుకి నీళ్ళకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన పెట్టె వైపు వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సొరుగు కూడా లాగలేకపోయాను. షాపు ఎత్తేద్దాం" అన్నారు.

ఒక్క రోజుకే ఏమైపోయింది, నెమ్మది మీద వస్తుంది అని ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు నుంచి మనిషి మారిపోయారు. బంతి ముట్టుకోవడం మానేశారు. కాఫీ గ్లాసు అందిస్తే అందుకోరు. బల్ల మీద పెట్టమని, వంగి గుటక వేసేవారు. మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని ఎడం చేతి పిడికిలి బిగించడం, వదలడం, మళ్ళీ బిగించడం. నాకు ఒళ్ళు మండిపోయేది. బాగున్న చేతికి కసరత్తు ఏంటండీ, జబ్బు చేసింది దానికి కదా అని ఒకరోజు గట్టిగా కసిరాను. ఆయన ఆ చేతిని కండువా కింద పెట్టుకున్నారు.

నెల తిరక్కుండా పెట్టె ఇచ్చేస్తానని పాలకొల్లులో ఇంకో మెకానిక్‌కి మాటిచ్చేశారు. ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటో తెస్తానని అతను ఫోను చేశాడట. గురువారం అన్నం తింటూ నాకు చెప్పారు. షాపు పోయినా నేను తట్టుకోగలను. నా కుట్టుమిషను ఉంది, జాకెట్లు కుట్టుకుని నాలుగు మెతుకులు తినలేమా? పని లేని ఈ మనిషినే ఏం చేసుకోవాలో తెలియలేదు. ఇంజను చప్పుడు విని జబ్బేంటో చెప్పే మనిషి, అరుగు మీద కూర్చుని వచ్చే పోయే బళ్ళు లెక్కపెడుతూ ఎన్నాళ్ళుంటారు? ఆ పెట్టె బండెక్కిందంటే ఆయన మళ్ళీ లేవరని నాకు తెలుసు. తెలిసినా వద్దనలేకపోయాను. లేని సత్తువ తెచ్చుకోమని ఎలా చెప్పను?

మర్నాడు శుక్రవారం. చివరిసారి కదా అని పసుపు ఆముదం గిన్నె పట్టుకునే వెళ్ళాను. దీపం పెట్టాక, ఆయన కళ్ళజోడు, చిన్నా చితకా సొంత వస్తువులు తీద్దామని పై సొరుగు లాగాను. రాలేదు. తాళం వేసి ఉందేమోనని చూశాను, లేదు. రెండు చేతులా పట్టుకుని లాగాను. కదల్లేదు. కాలు నేలకి తన్నిపెట్టి బలం కొద్దీ లాగాను. చక్రాల మీద పెట్టె మొత్తం నా మీదికి వచ్చింది గానీ సొరుగు రాలేదు.

అక్కడే నిలబడిపోయాను. నాకేం పక్షవాతం రాలేదు కదా!

మిగతావి కూడా లాగి చూశాను. ఏడింటిలో మూడోదొకటే రెండు వేళ్ళ మందాన వచ్చి ఆగింది. ఫోను లైటు వేసి ఆ సందులోకి చూస్తే, పట్టాల మీద నల్లటి పసుపు ముద్ద, ఆవకాయ జాడీ అడుగున గట్టిపడ్డ పిండిలా పేరుకుని ఉంది. గోటితో గీరి వాసన చూశాను. ఆముదం. నా ఆముదం, నా పసుపు, పక్క మిల్లులో ఊక కాల్చితే ఎగిరొచ్చే సన్నటి బూడిద. మూడూ కలిసి ఆ బేరింగులని కదలకుండా పట్టేశాయి.

ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పోలేదు, సొరుగు పోయింది! సొరుగుదేముంది, బాగుచేసుకోవచ్చు. ఆ స్టూలు మీదే కూలబడి ఏడ్చాను. ఆసుపత్రిలో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఏడుపు మధ్యలో నా మీద నాకే కోపం వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మిషను కుడుతున్నదాన్ని. నా మిషనులో ఎవరైనా ఆముదం పోస్తే వాళ్ళ వీపు విమానం మోత మోగించేదాన్ని. పల్చటి మిషన్ నూనె, అదీ రెండు చుక్కలు, పోశాక మిగిలింది తుడవాలి అని నా దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలందరికీ చెప్పాను. ఆ బుద్ధంతా ఈ పెట్టె దగ్గరికొచ్చేసరికి గడ్డి తింది. దసరా మర్నాడు ఆయన ఎందుకు తుడిచేవారో కూడా అప్పుడే తెలిసింది.

పరిగెత్తుకెళ్ళి చెప్పేద్దామని రోడ్డెక్కాను. నాలుగడుగులు వేసి ఆగిపోయాను. నెల రోజులుగా ఆయనకి నేను చెప్పిన ప్రతి మాటా ఓదార్పు మాటలాగే వినబడుతోంది. ఇదీ అంతే అనుకుంటారు. తన చేత్తో తను లాగి చూసుకుంటే గానీ నమ్మరు. వెనక్కి తిరిగి కొంగు నడుముకి దోపాను.

ఫోనులో వెతికితే ఎవరో అచ్చం ఇలాంటి సొరుగు విప్పే వీడియో దొరికింది. భాష అర్థం కాలేదు గానీ చేతులు అర్థమయ్యాయి. సొరుగు పూర్తిగా లాగితే రెండు పక్కలా పట్టాల మీద చిన్న నల్ల మీటలు కనిపిస్తాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి నొక్కి లాగితే సొరుగు ఊడి చేతికొస్తుంది. బాగానే ఉంది, కానీ అసలు బయటికే రాని సొరుగుకి మీటలెక్కడ నొక్కను? ఇంటికెళ్ళి ఆసుపత్రి సంచీలో మిగిలిపోయిన సిరంజి తెచ్చాను. షాపులో డీజిల్ డబ్బా ఎటూ ఉంది. ఏ సందుల్లోంచి ఆముదం పోశానో ఆ సందుల్లోంచే డీజిల్ ఎక్కించాను. అరగంట ఆగి, రబ్బరు సుత్తితో అటూ ఇటూ తడుతూ మెల్లగా ఊపాను. కిర్రుమని అంగుళం వచ్చింది. ఇంకాస్త డీజిల్ పోశాను, ఇంకో అంగుళం వచ్చింది. పై సొరుగు ఊడి నా చేతుల్లోకి వచ్చేసరికి పన్నెండయింది.

పనిముట్లు తీసే ముందు ప్రతి సొరుగుకీ ఫోటో తీసుకున్నాను. ఆయన వరస తప్పితే ఊరుకోరు. తర్వాత పాత టూత్ బ్రష్షు డీజిల్లో ముంచి పట్టాలు రుద్దాను. బేరింగు గుండ్లు ఒక సన్నటి రేకులో వరసగా బిగించి ఉంటాయి. ఆ రేకుని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఒక్కో గుండు తిరిగేదాకా రుద్దాలి. మొదట కారిన డీజిల్ పసుపు కుంకుమ కలిపిన నీళ్ళలా ఉంది. పారబోస్తుంటే అమ్మవారికి ఏదో అపచారం చేస్తున్నట్టు అనిపించింది. తల్లీ, నువ్విచ్చిన చెయ్యికి నేనే అడ్డం పడ్డాను, క్షమించు అని చెప్పుకుని పారబోశాను. మూడో విడతకి డీజిల్ తేటగా కారింది. జాకెట్ల లైనింగు ముక్కలు బోలెడున్నాయి, వాటితో పొడిగా తుడిచి కాసేపు ఎండలో పెట్టాను. ఆరాక గుండ్ల మీద నా మిషన్ నూనె చుక్కలు వేసి, పట్టాని పదిసార్లు ఆడించి, పైకి తేలిన నూనె కూడా తుడిచేశాను.

తిరిగి ఎక్కించడం దగ్గర ఒకసారి తప్పు చేశాను. గుండ్ల రేకుని ముందు అంచు దాకా లాక్కుని, రెండు పక్కలా ఒకేసారి, సమంగా తోయాలట. తొందరలో ఒక పక్క ముందు తోశాను, రేకు మూల వంగింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కట్టింగు ప్లయరుతో మెల్లగా సరిచేసి మళ్ళీ తోశాను. ఈసారి టక్కుమని కూర్చుంది. చిటికెన వేలు పెట్టి లాగాను. జారి వచ్చింది.

ఆ రోజు మూడు సొరుగులు, శనివారం నాలుగు. జాకెట్ల కొలతలకి వెళ్తున్నానని ఇంట్లో అబద్ధం చెప్పాను. ఒంటి మీద డీజిల్ కంపు కొడుతున్నా ఆయన అడగలేదు. ఏదీ అడిగే ధ్యాసలో లేరు.

శనివారం సాయంత్రం, రేపు వచ్చే ఆయనకి ఏ పనిముట్టు ఎక్కడుందో నేను చెప్పలేను, ఒకసారి వచ్చి చూపించి పొండి అని బలవంతంగా తీసుకెళ్ళాను. పెట్టె ముందు నిలబడి నన్నే తెరవమన్నారు. నా చేతులు మురికిగా ఉన్నాయి, మీరే తియ్యండి అన్నాను. అబద్ధం కాదు, గోళ్ళ నిండా పసుపు పచ్చటి మడ్డే. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అప్పుడు పట్టుకుంది భయం. ఒకవేళ ఇప్పటికీ లాగలేకపోతే? చెయ్యికి నిజంగానే సత్తువ రాకపోయి ఉంటే? ఇంక నా దగ్గర తుడవడానికేమీ లేదు.

ఆయన కుడి చెయ్యి పెట్టారు. రాదని తెలిసిన మనిషి ఎలా లాగుతారో అలా, పళ్ళు బిగించి లాగారు. సొరుగు సర్రున వచ్చి ఆయన బొజ్జకి తగిలింది.

కాసేపు సొరుగుని చూశారు, కాసేపు చేతిని చూసుకున్నారు. "ఏం చేశావ్?" అన్నారు.

తల దించుకుని మొత్తం చెప్పేశాను. శుక్రవారాలు, ఈక, ఆముదం, పసుపు, ఏదీ దాచలేదు. ఇన్నాళ్ళూ చెయ్యి వెయ్యనివ్వని పెట్టెని నేనేం చేశానో వింటే అంతెత్తున లేస్తారనుకున్నాను. ఆయన రెండో సొరుగు లాగారు, మూడోది లాగారు. అట్టడుగుదానికి చిటికెన వేలు చాల్లేదు, నాలుగు వేళ్ళూ పెట్టాల్సి వచ్చింది, చెయ్యి వణికింది, కానీ వచ్చింది. తర్వాత పై సొరుగు దగ్గరికొచ్చి, దాన్ని మూసి, ఈసారి ఎడం చేత్తో లాగారు. మూశారు. మళ్ళీ ఎడం చేత్తోనే లాగారు. అప్పుడు స్టూలు మీద కూర్చుండిపోయారు.

నొప్పిగా ఉందేమోనని గాభరాగా దగ్గరికెళ్ళాను.

"ఆ రోజు కుడి చేత్తో రాకపోతే ఎడం చేత్తో లాగాను. దీంతోనూ రాలేదు" అన్నారు. "రెండోది కూడా పోతోందనుకున్నాను."

నెల రోజులుగా ఆ అరుగు మీద పిడికిలి బిగించి వదులుతున్నది కసరత్తు కాదు. ఉందా, పోయిందా అని చూసుకుంటున్నారు. గ్లాసు అందుకోకపోవడం జారిపోతే నా కంట పడుతుందని. నేనేమో బాగున్న చేతికి ఏంటని కసిరాను. ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చుండిపోయాను. నాకొక్క మాట చెప్పొచ్చు కదా అంటే, మళ్ళీ ఆసుపత్రికి లాక్కెళ్తావని అన్నారు. ఏడుస్తూనే ఒళ్ళు మండింది.

"రెండు చేతులతోనూ రాకపోతే సొరుగే పాడైందని ఎవరికైనా తడుతుందండీ! ఇంత పెద్ద మెకానిక్కు, మీకు తట్టలేదా?"

"నా సొరుగుని నేనెప్పుడు అనుమానించాను?" అన్నారు.

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు విని ఎన్నాళ్ళయిందో. లేచి నా పసుపు గిన్నె వైపు చూసి, పెట్టె పై మూత మీద మధ్యలో వేలితో చూపించారు. బొట్టు అక్కడ, ఎంత పెద్దదైనా పెట్టుకోవచ్చట, లోపలికి మాత్రం రాకూడదట. అక్కడికక్కడే పాలకొల్లుకి ఫోను చేసి, పెట్టె ఇవ్వలేనని, ఏమీ అనుకోవద్దని చెప్పారు. "ఆయ్, అంతకన్నానా గురువుగారూ, మీరు షాపు తీస్తే మాకదే చాలండి" అని అవతల అతను అనడం నాకూ వినిపించింది. మాట్లాడుతున్నంతసేపూ కుడి చేత్తో సొరుగు తెరవడం, మూయడం. పట్టాలరిగిపోతాయని నేనే ఆపించాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి కాఫీ కలిపాను. అలవాటు కొద్దీ గ్లాసు బల్ల మీద పెట్టబోయాను. ఆయన ఎడం చెయ్యి చాచి నా చేతిలోంచి అందుకున్నారు. ఒక గుటక తాగి, పంచదార తక్కువైందన్నారు.